నడిమి మెట్టు ఖడ్గమునకు ఇంత వెల యేల?

ధరలు పెరిగినవను మాట మన యిండ్లకు క్రొత్త కాదు. బియ్యము, నూనె, ఇంటి అద్దె, బడి రుసుము - వీనిని గూర్చి నెలకొక్కసారియైనను మాటలాడుకొనని కుటుంబము లేదు. వాన రాలేదనియో, రవాణా ఆగినదనియో, క్రొత్త పన్ను వచ్చినదనియో ఏదో యొక కారణము చెప్పుకొందుము. కాని వానయు కరవును లేని లోకమున, ఆకలిగొన్న కడుపు ఒక్కటియు లేని లోకమున, ధరలు పెరుగునా? పెరుగును. మన పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి ఆడు ఆన్‌లైన్ ఆటలలో అట్టి లోకములు పెక్కు కలవు. అందు ఇంకొక వింత కలదు. గొప్ప వీరులు ధరించు ఆయుధములకు గొప్ప వెల యుండుట సహజమే. కాని ఆట నేర్చుకొనుచు ఇంకను నడిమి దారిలో నున్నవాడు ధరింపవలసిన ఖడ్గము, కవచము, పాదరక్షలు కూడ వాని సంపాదనకు అందని యెత్తున నుండును. కొనవలసినవాడు కొనలేని వెల యెట్లు నిలుచును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఉదాహరణమునకై మేము ఒక ప్రసిద్ధమైన ఆటను ఎన్నుకొంటిమి. దాని పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. కాలిఫోర్నియాలోని బ్లిజర్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ దీనిని 2004 నవంబరులో విడుదల చేసినది. వేలకొలది జనులు ఎవరి యింట వారు కూర్చుండియే, ఇంటర్నెట్టు ద్వారా ఒకే దేశమున సంచరించుచున్నట్లు ఈ ఆటలో సంచరింతురు. ఒక్కొక్కరికి ఒక పాత్ర యుండును. ఆ పాత్ర మొదటి లెవెలున పుట్టి, శత్రువులను జయించుచు, గ్రామస్థులు అప్పగించిన పనులను నెరవేర్చుచు పైకి పోవును. ఈ లెవెలునే మనము మెట్టు అందము. తొలినాళ్ళలో 60వ మెట్టు శిఖరము. 2007 జనవరిలో అది 70వ మెట్టునకును, 2008 నవంబరులో 80వ మెట్టునకును పెరిగినది. 2019 ఆగస్టులో ఆ పాత 60 మెట్ల ఆటనే క్లాసిక్ అను పేర మరల తెరచిరి. మా ప్రసంగము ముఖ్యముగా ఈ 60 మెట్ల ఆటను గూర్చియే.

ఈ లోకమునకు దానిదే యైన నాణెము కలదు. 100 రాగి నాణెములు ఒక వెండి నాణెము; 100 వెండి నాణెములు ఒక బంగారు నాణెము. అంగళ్ళు రెండు విధములు. మొదటిది ఆటలో భాగమైన బొమ్మ వర్తకుని అంగడి. ఈ వర్తకుడు మనిషి కాడు. వాని ధరలు నిర్ణీతములు. లోకమున ఎంత ధనమున్నను, ఎంత కొరత యున్నను వాడు చెప్పు వెల మారదు. రెండవది వేలముశాల. ఇక్కడ అమ్మువాడును కొనువాడును నిజమైన మనుష్యులు. ఎవడైనను తనకు దొరకిన వస్తువును తన యిష్టము వచ్చిన వెలకు పెట్టవచ్చును. అమ్ముడైన వెలలో నూటికి 5 వంతులు వేలముశాల తీసికొనును. మనము చెప్పుకొను ధరల పెరుగుదల యంతయు ఈ రెండవ అంగడిలోనే జరుగును.

ఇట్టి లోకముల ఆర్థిక వ్యవస్థను విద్వాంసులు తేలికగా చూడలేదు. ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు 1999లో వెలువడిన ఎవర్‌క్వెస్ట్ అను ఆటను పరిశీలించి 2001లో ఒక ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. ఈవ్ ఆన్‌లైన్ అను మఱియొక ఆటను నడుపు ఐస్‌లాండు దేశపు సీసీపీ సంస్థ, 2007లో ఎయోల్ఫుర్ గుడ్ముండ్‌సన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుని ఉద్యోగములో నియమించుకొన్నది. బొమ్మల ఖడ్గములైనను, వానిని కొనువారును అమ్మువారును మనుష్యులే గదా!

ఇక ధనము ఎక్కడ నుండి వచ్చునో చూతము. మన దేశమున నోట్లను రిజర్వు బ్యాంకు వెలువరించును. ఆ లోకమున అట్టి బ్యాంకు లేదు. ఒక శత్రువును చంపిన క్షణమున వాని జేబులో నాలుగు రాగి నాణెములు పుట్టును. ఒక పనిని నెరవేర్చిన క్షణమున బహుమానపు వెండి పుట్టును. పనికిరాని చర్మమును బొమ్మ వర్తకునకు ఇచ్చిన క్షణమున వాడు శూన్యము నుండి నాణెములను తీసి యిచ్చును. అనగా ఆడువాడు ప్రతివాడును ఒక టంకసాల. ధనము పోవు మార్గములును కలవు. దెబ్బతిన్న కవచమును బాగుచేయించుటకును, విద్యలు నేర్చుటకును, వాహనమును కొనుటకును ఇచ్చిన నాణెములు ఎవరి చేతికిని పోవు, అవి మాయమైపోవును. తొలినాటి ఆటలో 40వ మెట్టున గుఱ్ఱమునెక్కుటకు సుమారు 100 బంగారు నాణెములును, 60వ మెట్టున వడిగల గుఱ్ఱమునకు సుమారు 1000 నాణెములును కావలసియుండెను. ఆటలను నిర్మించువారు ధనము వచ్చు మార్గమును కుళాయి అనియు, పోవు మార్గమును తూము అనియు పిలుతురు. కుళాయి ధార తూము కంటె పెద్దదైనచో తొట్టిలో నీరు పెరుగును. ధనము పెరిగి వస్తువులు పెరుగనిచో ధరలు పెరుగును. ఇంతవరకు ఇది మనకు తెలిసిన పాఠమే.

అయితే ఈ పాఠము ఒక్కటే చాలదు. ధనము పెరిగినందుననే ఐనచో ధరలన్నియు ఒకే పాళ్ళలో పెరుగవలెను. అట్లు జరుగదు. ఏలయనగా కుళాయిలన్నియు ఒకే యెత్తున లేవు. మొదటి మెట్లలో రాగి చుక్కలు రాలును. శిఖరమున బంగారు ధార కారును. 20వ మెట్టున నున్నవాడు గంటకు ఒక బంగారు నాణెము సంపాదించుననియు, 60వ మెట్టున నున్నవాడు గంటకు 30 సంపాదించుననియు అనుకొందము. ఇవి లెక్క కొరకు మేము పెట్టుకొన్న అంకెలు మాత్రమే. తేడా ఎంత పెద్దదో తెలియుటకే చెప్పుచున్నాము. 20వ మెట్టువానికి తగిన ఖడ్గము వేలముశాలలో 15 నాణెములకు ఉన్నది. అది వానికి 15 గంటల శ్రమ. 60వ మెట్టువానికి అరగంట పని. కాని 60వ మెట్టువానికి ఆ చిన్న ఖడ్గముతో పని యేమి? ఇదియే అసలు చిక్కుముడి. దీనిని విప్పినచో తక్కినదంతయు తేటపడును.

శిఖరమును చేరినవాడు ఆటను విడువడు. ఒక పాత్రతో అన్నియు చూచిన తరువాత రెండవ పాత్రను మొదటి మెట్టున పుట్టించును. నిన్న భటుడుగా ఆడినవాడు నేడు మాంత్రికుడుగా ఆడవలెనని ముచ్చటపడును. ఆ మాంత్రికుడు చూచుటకు పసివాడు. కాని వాని వెనుక ధనికుడైన అన్న కలడు. ఆటలోనే తపాలా పెట్టె యున్నది. అందులో అన్న పాత్ర పంపిన బంగారము తమ్ముని పాత్రకు చేరును. వేలముశాలలో ఇద్దరు 20వ మెట్టు పసివాండ్రు ప్రక్కప్రక్కన నిలిచియుందురు. ఇద్దరి వేషమును ఒకటే. ఒకని చేతిలో తాను కూడబెట్టిన మూడు నాణెములు, మఱియొకని చేతిలో శిఖరము నుండి దిగివచ్చిన మూడు వందలు. అమ్మువాడు ఎవనిని చూచి వెల పెట్టును?

రెండవ కారణము ఇంకను విచిత్రమైనది. 2005 నుండి ఈ ఆటలో ఆటగాండ్రు జట్లుగా పోరాడు యుద్ధరంగములను ఏర్పరచిరి. ఒకే శ్రేణి మెట్లవారు ఒకే రంగమున కలియుదురు. 19వ మెట్టు ఒక శ్రేణికి పైయంచు. 29, 39 అట్లే ఒక్కొక్క శ్రేణికి పైయంచులు. కొందరు ధనికులు తమ రెండవ పాత్రను కావలెననియే 19వ మెట్టున గాని 39వ మెట్టున గాని ఆపి, ఆ మెట్టునకు దొరకు అత్యుత్తమమైన ఆయుధములన్నియు కొని తొడిగి, క్రొత్తవారిని ఓడించుచుండిరి. అట్టి పాత్రకు ట్వింక్ అని పేరు. 19వ మెట్టున పట్టదగిన షాడోఫాంగ్ అను ఖడ్గము, 39వ మెట్టున పట్టదగిన పెండులమ్ ఆఫ్ డూమ్ అను గొడ్డలి వీరికి ప్రియమైనవి. దారిన పోవువానికి ఈ ఖడ్గము రెండు మూడు దినముల తోడు మాత్రమే. మెట్టు మారగానే దానిని విడిచిపెట్టును. మెట్టు మారనని నిశ్చయించుకొన్నవానికి అది శాశ్వతమైన ఆస్తి. ఆస్తికి ఇచ్చు వెలను దారిబత్తెముతో బ్రదుకువాడు ఇయ్యగలడా?

ఇది కొనువారి సంగతి. ఇక అమ్మకమునకు వచ్చు వస్తువుల సంగతి చూడుడు. నడిమి మెట్లు ఊరు కావు, దారి. అక్కడ ఎవడును నిలువడు. శిఖరమున జనము కిటకిటలాడుచుందురు గనుక శిఖరపు సరుకులు దినదినమును అంగడికి వచ్చును. మొదటి మెట్లలోను క్రొత్తవారును, క్రొత్తపాత్రలును ఎప్పుడును ఉందురు. నడుమ నున్నవారు త్వరగా దాటిపోవుదురు. అక్కడి శత్రువులను కావలసినంత మాత్రమే చంపుదురు. అందుచేత నడిమి సరుకు చాల తక్కువగా వచ్చును. దీనికి ఉన్ని బట్ట మంచి సాక్ష్యము. తక్కువ మెట్ల శత్రువుల యొద్ద నార బట్టయు, తరువాతివారి యొద్ద ఉన్ని బట్టయు, ఇంకను పైవారి యొద్ద పట్టు బట్టయు దొరకును. ఉన్ని దొరకు మెట్లు ఇరుకైనవి. కుట్టుపని నేర్చుకొను ప్రతివాడును ఉన్ని మెట్టును దాటియే పట్టు మెట్టునకు పోవలెను. కనుక పట్టు కంటె ఉన్నికే వెల యెక్కువగా నుండుట ఈ ఆటలో తరచుగా కనబడు వింత. పట్టు కంటె ఉన్ని గొప్పదను గొనువాడు ఎవడును లేడు; ఉన్ని అంగడికి తక్కువగా వచ్చును, అంతే.

వస్తువులు తరుగుటకు మఱియొక కట్టుబాటు కలదు. ఈ ఆటలోని మంచి ఆయుధములు ధరించిన వెంటనే ఆ పాత్రకు బద్ధమైపోవును. తరువాత వానిని ఇంకొకరికి ఇచ్చుటకును అమ్ముటకును వీలులేదు. కావున ఒకడు వాడిన ఖడ్గము రెండవవానికి చౌకగా దొరకును అను ఆశ లేదు. ఎవర్‌క్వెస్ట్ తొలినాళ్ళలో పెక్కు వస్తువులకు ఈ కట్టుబాటు లేకుండెను. అందుచేత పెద్దవారు విడిచిన ఆయుధములు చేతులు మారి చిన్నవారికి చేరి, కాలక్రమమున వాని వెలలు పడిపోవుచుండెను. దానివలన క్రొత్తవానికి లాభమే గాని, శ్రమించి తెచ్చిన వస్తువు విలువ కోల్పోవుచున్నదని అక్కడివారి ఫిర్యాదు. ఒక చిక్కు తీర్చిన చోట మఱియొకటి పుట్టుట ఆటలకును తప్పలేదు.

ధనము ఎవరి చేతికి ముందు వచ్చునో వారు కొను వస్తువుల వెలలే ముందు పెరుగునని చెప్పినవాడు రిచర్డ్ కాంటియన్. ఐర్లండున పుట్టి పారిస్‌లో బ్యాంకు వ్యాపారము చేసిన ఈతని గ్రంథము ఈతని మరణానంతరము 1755లో వెలువడినది. గనులలో క్రొత్తగా బంగారము దొరకినచో, గని యజమానులును వారి పనివారును ముందుగా ఖర్చు చేయుదురు. వారు కొను మాంసమునకును మద్యమునకును వెల పెరుగును. ఆ ధనము చేతులు మారుచు దూరమునకు పోవును. నిర్ణీతమైన ఆదాయముపై బ్రదుకువారికి ధనము చేరకముందే ధరలు చేరును. ఇది ఈతని వాదము. 1545లో దక్షిణ అమెరికాలో పొటోసీ వెండి గనులు బయటపడిన తరువాత ఆ వెండి స్పెయిను దేశమునకు ప్రవహించినప్పుడు, 16వ శతాబ్దమున అక్కడి ధరలు పెరిగినవన్న సంగతి చరిత్రలో సుప్రసిద్ధము.

ఈ సూత్రమును మన ఆటకు అన్వయింపుడు. శిఖరమే పొటోసీ గని. అక్కడ పుట్టిన బంగారము రెండవ పాత్రల ద్వారా నడిమి మెట్లకు దిగును. నిజమైన క్రొత్తవాడు నిర్ణీత వేతనమువాడు. గ్రామస్థుడు అప్పగించిన పనికి ఆట మొదలైన దినమున ఎన్ని వెండి నాణెములు ఇచ్చిరో, ధరలెంత పెరిగినను అన్నియే యిత్తురు. జీతము నిలిచియున్నది, అంగడి పరుగెత్తినది. మొదట చెప్పిన ప్రశ్నకు సమాధానము ఇదియే. ఒక వస్తువు వెల దానిని ధరింపవలసినవాని శక్తిని బట్టి యుండదు. దానిని కొనుటకు వచ్చినవారిలో ఎక్కువ ఇయ్యగలవాని శక్తిని బట్టి యుండును.

ఇందులో మన గృహములకు సంబంధించిన ప్రమాదము ఒకటి కలదు. క్రొత్తవాడు ఓడిపోవును, తన వెనుక వచ్చినవాడు మెఱయుచుండుటను చూచును, తనకు నేర్పు లేదని క్రుంగిపోవును. నిజమునకు లోపించినది నేర్పు కాదు, శిఖరమున నున్న అన్న. ఈ క్రుంగుబాటును సొమ్ము చేసికొనువారు బయలుదేరిరి. నిజమైన డబ్బునకు ఆటలోని బంగారమును అమ్ము వర్తకము ఇట్లు పెరిగినది. 2000 తరువాతి దశాబ్దములో చైనా దేశమున యువకులను జీతమునకు పెట్టి, రేయింబవళ్ళు ఆటలో బంగారము త్రవ్వించిన కార్ఖానాలు ఉండెడివి. ఇట్టి కొనుగోలు ఆట నియమములకు విరుద్ధము. పట్టుబడినవారి ఖాతాలను సంస్థ మూసివేయును. కొందరు అమ్మకందారులు ఇతరుల ఖాతాలను దొంగిలించి, అందలి బంగారమునే అమ్ముదురు. ఈ వర్తకమును అరికట్టుటకై 2015 ఏప్రిలులో బ్లిజర్డ్ సంస్థయే అమెరికాలో టోకెన్ అను పద్ధతిని ప్రవేశపెట్టినది. ఒకడు డబ్బిచ్చి టోకెను కొని ఆటలో బంగారమునకు అమ్మును. రెండవవాడు బంగారమిచ్చి దానిని కొని తన చందాకు వాడుకొనును. దొంగ వర్తకమునకు ఇది పోటీ యైనది. కాని తండ్రి జేబునకును బొమ్మ ఖడ్గమునకును నడుమ ఒక రాజమార్గము కూడ పడినది.

నిర్మాతలు ఇతర చికిత్సలును చేసిరి. 2008 చివర, ఒక పాత్ర సంపాదించి తన తమ్ముని పాత్రకు పంపదగిన వారసత్వపు ఆయుధములను ప్రవేశపెట్టిరి. ఇవి మెట్టుతోపాటు తామును పెరుగును. ధనికుని రెండవ పాత్రకు అంగడికి పోవలసిన పని చాలవరకు తగ్గినది. 2009 ఆగస్టులో యుద్ధరంగములలో పోరాడినను మెట్లెక్కునట్లు చేసిరి. మెట్టెక్కకుండ ఆగదలచినవాడు 10 బంగారు నాణెములు చెల్లించి ఆగవచ్చును. కాని వాడు అప్పుడు తనవంటి వారితోనే పోరాడవలసియుండెను. క్రొత్తవారిని కొట్టు వేడుక పోయినచో ఆ వేడుక కొరకు కొను ఆయుధములకు గిరాకియు తగ్గును. ఇంకొక ఆటలో ఇదే సంస్థ మఱింత దూరము పోయినది. 2012లో వెలువడిన డయాబ్లో 3లో నిజమైన డబ్బుతో కూడ నడచు వేలముశాలను పెట్టి, అది ఆట యొక్క రుచినే చెఱచుచున్నదని గ్రహించి, 2014 మార్చి 18న మూసివేసినది. శత్రువును జయించి ఖడ్గము పొందుట కంటె అంగడిలో కొనుట సుకరమైనచో, ఇక జయించుట యెందులకు?

అయితే క్రొత్తవానికి అన్నియు నష్టములే యని చెప్పుట న్యాయము కాదు. వేలముశాలకు రెండు తలుపులు కలవు. కొను తలుపున వానిని అడ్డగించిన ధరయే అమ్ము తలుపున వానికి తోడగును. వాడు దారిలో ఏరిన ఉన్ని బట్ట, త్రవ్విన లోహము, కోసిన మూలికలు ధనికుల రెండవ పాత్రలకు కావలెను. వానిని బొమ్మ వర్తకునకు ఇచ్చినచో కొన్ని రాగి నాణెములు వచ్చును. వేలముశాలలో పెట్టినచో వెండి వచ్చును. బొమ్మ వర్తకుని ధరలు మారవని మొదట చెప్పితిమి. గుఱ్ఱము వెలయు మారదు. కావున సరుకు అమ్మి, ఖడ్గము కొనక, గుఱ్ఱమునకు కూడబెట్టినవాడు ధరల పెరుగుదల వలన నష్టపోడు సరిగదా, ముందటివారి కంటె సులువుగా గుఱ్ఱము నెక్కును. రెండు దినములలో విడిచిపెట్టవలసిన ఖడ్గమునకై 15 గంటల శ్రమను ధారపోసినవాడే చెడును.

కావున ఇంటిలోని బాలుడు ఆటలో ఒక ఖడ్గమునకు డబ్బు కావలెనని అడిగినప్పుడు, పెద్దలు కోపింపనక్కరలేదు, వెంటనే ఈయనక్కరలేదు. మూడు ప్రశ్నలు అడిగిన చాలును. ఆ ఖడ్గము ఎన్ని దినములు నీ చేతిలో నుండును? దాని వెలను అంత యెత్తునకు తెచ్చినవాడు ఎవడు? నీ సంచిలో అమ్మదగినది ఏమి యున్నది? మొదటి ప్రశ్న వస్తువు యొక్క ఆయువును, రెండవది ధనము యొక్క జన్మస్థానమును, మూడవది తన సొంత బలమును తెలుపును. ఈ మూటికి బాలుడు తానుగా సమాధానము చెప్పుకొన్ననాడు ఆట వానికి కొంత అర్థశాస్త్రమును కూడ నేర్పినదని మనము సంతోషింపవచ్చును. బియ్యపు అంగడిలోను, ఇండ్ల స్థలముల అంగడిలోను పెద్దలమైన మనము కూడ నిత్యము వేసికొనవలసిన ప్రశ్నలు ఇవియే కావా?